మిషన్లు ఆగని మధ్యాహ్నం

కిందటి వారం నవతను మనం ట్యూషన్ చెప్పే కాత్యాయని గారి ఫ్లాటు గుమ్మంలో వదిలి వచ్చాం. చెప్పులు బయటే విడవాలా, లోపలికి తెచ్చుకోవాలా అని తేల్చుకోలేక ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. చూసేవాళ్లకు చిన్న సంగతే. కానీ ఎక్కడికి వెళ్లినా చెప్పులు కాలికి అందేలా పెట్టుకోమని ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్న పిల్లకు అది చిన్న సంగతి కాదు.

పదిహేనేళ్ల కిందట ఈ దేశంలోనే, అబుదాబీ పక్కన బనియాస్‌లో పుట్టింది నవత. పుట్టినట్టు ఎక్కడా రాసి లేదు. తండ్రి హన్మాండ్లు వీసా ఇచ్చి జీతమివ్వని యజమానిని, కఫీల్‌ను, వదిలి బయటపడి ఖల్లివెల్లి అయినవాడు. అంటే, ఉన్నా లేని లెక్కలో బతికే మనిషి. తల్లి సమ్మవ్వ అరబ్బుల ఇంట్లో పనికి వచ్చి, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే వదిలేసి కట్టుబట్టలతో బయటికొచ్చింది. ఒక ప్రిన్సిపాల్ దయతలచి బడిలో కూర్చోనిచ్చాడు గనక పిల్ల పదో తరగతి దాకా వచ్చింది. ఇప్పుడు బోర్డు పరీక్షకు పేర్లు పంపే వేళ. పాస్‌పోర్టు లేనిదే పేరు వెళ్లదు. పుట్టుకకు రుజువు లేనిదే పాస్‌పోర్టు రాదు. మరోపక్క సర్కారు ఇచ్చిన ఆమ్నెస్టీ గడువు దగ్గర పడుతోంది. ఈలోగా జైలూ జరిమానా లేకుండా ఊరికి పోవచ్చు. కానీ ఈ పిల్ల తమ కడుపున పుట్టిందేనని చూపించనిదే ముగ్గురికీ కలిపి దేశం దాటే ఔట్‌పాస్ ఇవ్వరు. ఉండి చదవాలన్నా, కలిసి పోవాలన్నా, ఆ పుట్టుకను కళ్లారా చూసిన మనిషి ఒకరు వచ్చి ఎంబసీలో చెప్పాలి. ఆ మనిషి ఆసుపత్రిలో ఒక సిస్టర్ అని తప్ప, పేరేమిటో ఎక్కడుందో సమ్మవ్వకు కూడా తెలియదు.

అందుకే ఈ శుక్రవారం సభ. కాగితాలు లేని పిల్లల కథలు చెప్పి, బడిలో పిల్లలున్న తెలుగువాళ్లను కూడగట్టాలని కాత్యాయని గారి ప్రయత్నం. నవతలాంటి వాళ్లు ఆ బడిలో ఇంకో నలుగురున్నారు. కథ విన్నవాళ్లు సంతకం పెడతారు. సంతకాలు చూసి బడివాళ్లు కొంచెం ఆగుతారు. నలుగురు పెద్దమనుషులు వెంట వస్తే ఎంబసీవాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు.

సభ అనే మాటను మాత్రం ఆమె భర్త రామ్మోహనరావు గారు ఇంట్లో నిషేధించారు. అనుమతి లేకుండా ఇంతమంది ఒకచోట చేరడమే ఆయనకు గుబులు. ఎవరైనా అడిగితే పుట్టినరోజు అని చెప్పడానికి ఒక కేకు తెప్పించి హాలు మధ్యలో పెట్టించారు.

"ఎవరి పుట్టినరోజండీ?" అని అడిగిందొకావిడ, పులిహోర ప్లేటు అందుకుంటూ.

"అదింకా అనుకోలేదండి," అన్నారాయన, కిటికీ తెరలు సర్దుతూ.

కేకు మీద హ్యాపీ బర్త్‌డే అని గులాబి రంగులో రాసి ఉంది. పేరుండాల్సిన చోట వట్టి తెల్లటి క్రీము.

నవత చివరి వరుసలో, గోడవారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎవరైనా పలకరిస్తే కాత్యాయని గారి అమ్మాయి నిఖిత స్నేహితురాలినని చెప్పాలి. అందరూ చప్పట్లు కొడితే తనూ కొట్టాలి. అమ్మ పేరుగానీ, నాన్న పేరుగానీ, ఉంటున్న చోటుగానీ నోటి వెంట రాకూడదు. అదీ ఒప్పందం. ఆ మాట అంటున్నప్పుడు కాత్యాయని గారి కళ్లలో నిజమైన భయం కనిపించింది నవతకు. "నీకేమైనా అయితే మీ అమ్మకు నేనేం సమాధానం చెప్పను?" అన్నారు ఆవిడ. ట్యూషన్ ఫీజు అడగకుండా రెండేళ్లు చదువు చెప్పిన మనిషి మాట ఎలా తీసేస్తుంది?

పేరు బయటపెట్టని ఒక పిల్ల కథ చెప్పడానికి నిఖిత వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. నవత కంటే ఒక తరగతి పైన. మంచిపిల్ల. నాటకాల్లో బహుమతులు తెచ్చుకున్న గొంతు.

"నేను ఈ దేశంలోనే పుట్టాను," అని మొదలుపెట్టింది. "కానీ నేనెవరినో ఈ దేశానికి తెలియదు."

నవత ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. నేను అన్నది ఎంత చిన్న మాట. తన నోట్లో అది ఎప్పుడూ నిలవలేదు. ఎవరైనా తలుపు కొడితే గది మూలకు నక్కి గోడలా ఉండడం తన చిన్నప్పటి ఆట. ఎవరమ్మా నువ్వు అని అడిగితే, చుట్టపుచూపుగా వచ్చిన అని చెప్పడం బాపు నేర్పిన మొదటి పాఠం. పుట్టిన గదిలోనే చుట్టంలా పెరిగింది. ఇప్పుడు ఇంకో పిల్ల తన బతుకు మొత్తాన్ని నేను, నేను అంటూ హాయిగా తొడుక్కుంది. తన బట్టలు తనకంటే ఆ పిల్లకే బాగా నప్పినట్టు ఉన్నాయి.

ముందు కొంచెం అసూయ కలిగింది. అసూయ అని తెలిశాక సిగ్గు కలిగింది. ఆ తర్వాత జరిగింది మాత్రం ఆమె ఊహించనిది. జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి పోలేని రోజుల గురించీ, తోటి పిల్లలు ఎండాకాలం సెలవులకు విమానాలెక్కి పోతే గదిలో అట్లాసు తిప్పుతూ గడిపిన మధ్యాహ్నాల గురించీ నిఖిత చెబుతుంటే, నవత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరికోసం? ఆ ముందు కుర్చీలో కూర్చున్న పిల్ల కోసం. పాపం ఆ పిల్ల అనుకుంది. అనుకున్న మరుక్షణం, చన్నీళ్లు చల్లినట్టు మేలుకుంది. తన మీద తానే జాలిపడటానికి కూడా మధ్యలో ఇంకో మనిషి కావలసి వచ్చింది.

కథ అయిపోయింది. చప్పట్లు. రెండు మూడు చేతిరుమాళ్లు. నవత కూడా చప్పట్లు కొట్టింది.

అప్పుడు లేచారు భార్గవ్ గారు. తల్లిదండ్రుల కమిటీలో పెద్ద. చమురు కంపెనీలో ఇంజనీరు. చెడ్డ మనిషి కాదు. ముడి కనబడితే విప్పకుండా ఉండలేని మనిషి.

"తప్పుగా అనుకోకండి కాత్యాయని గారూ. అమ్మాయి బాగా చెప్పింది. మా ఆవిడ ఏడుస్తోంది కూడాను. కానీ రేపు ఎంబసీలో నన్ను అడిగితే నేనేం చెప్పాలి? ఈ పాప ఇక్కడే పుట్టిందని మనకెలా తెలుసు? పసిపిల్లప్పుడు ఊరినుంచి ఎవరి పాస్‌పోర్టు మీదో తెచ్చుకుని, ఇప్పుడిలా అంటున్నారేమో. ఎక్కడ పుట్టింది? ఎవరు పురుడు పోశారు? ఆ ముక్క లేదే ఇందులో."

నిఖిత తల్లి వైపు చూసింది. కాత్యాయని గారు గొంతు సవరించుకున్నారు. "పిల్లల క్షేమం కోసం కొన్ని వివరాలు తీసేశామండీ."

తీసేసిన వివరం ఏమిటో ఆమెకూ, నవతకూ తెలుసు. మూడు వారాల కిందట నవత చెప్పగా విని కాత్యాయని గారు నవ్వేశారు. నవ్వినందుకు నొచ్చుకుని, ఆ తర్వాత మెల్లగా చెప్పారు. "ఇది వద్దులే నవతా. జనం నవ్వుతారు. నవ్విన చేత్తో సంతకం పెట్టరు."

"తీసేస్తే ఎలాగమ్మా? అసలైంది అదే కదా," అన్నారు భార్గవ్ గారు, కూర్చోబోతూ. ఆయన కూర్చుంటే అయిపోయినట్టే. వెనకాల ఇద్దరు అప్పటికే ప్లేట్లు కింద పెట్టి వాచీలు చూసుకుంటున్నారు. సంతకాల కాగితం మొదటి వరుసలోనే ఆగి ఉంది.

నవతకు తాను లేచి నిలబడ్డ సంగతి తెలియలేదు. కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలిన చప్పుడు విని తెలిసింది.

"బనియాస్‌ల పుట్టిన సార్," అంది. "దర్జీ దుకాణం ఎనక గదిల."

అందరూ వెనక్కి తిరిగారు. అన్ని ముఖాలు ఒక్కసారి తన వైపు తిరగడం నవత బతుకులో అదే మొదటిసారి. నిఖిత నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"నవతా," అన్నారు కాత్యాయని గారు, మెల్లగా. రామ్మోహనరావు గారు మరోసారి కిటికీ తెర లాగారు.

"నిక్కీ చెప్పింది నా కథనే సార్. తను మంచిగనే చెప్పింది. కానీ ఇది తనకు తెల్వది." భార్గవ్ గారినే చూస్తూ మొదలుపెట్టింది. "మా అవ్వకు నొప్పులొచ్చినయి. దవాఖానకు పోతే కాగితాలడుగుతరు. గదిల అరిస్తే పక్కోళ్లకు వినబడతది. ముంగట దుకాణంల సనావుల్లా మాస్టర్ అని పెషావర్ ఆయన, అరబ్బులు తొడిగే కందూరాలు కుడుతుండె. మా బాపు పోయి ఆయన కాళ్లు పట్టుకున్నడట. ఆయన, ఏం ఫికర్ చెయ్యకు భాయ్ అని, పనోళ్లందరిని పిలిపిచ్చి దుకాణంల ఉన్న మిషన్లన్నీ ఒక్కసారి నడిపిచ్చిండట. కుట్టేటందుకు బట్ట గూడ లేదంట. వట్టి మిషన్లే. ఆ చప్పుడుల మా అవ్వ ఎంత ఒర్లినా ఎవ్వరికి వినబడలే. నేను ఏడ్సింది గూడ వినబడలే. ఎవరో సిస్టరట, వచ్చి బొడ్డు కోసింది దర్జీ కత్తెరతోనే. చాయ్ గిన్నెల మరగబెట్టి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. కాత్యాయని గారు కళ్లు మూసుకున్నారు. కానీ నవతకు ఆ నవ్వు గుచ్చుకోలేదు. బాపు ఈ కథ చెప్పిన ప్రతిసారీ తమ గదిలో ముగ్గురూ ఇలాగే నవ్వుకునేవారు.

"ఇప్పటికి గూడ నాకు మిషన్ చప్పుడు లేకుంటే నిద్ర పట్టదు సార్," అంది. ఈసారి గది మొత్తం నవ్వింది. భార్గవ్ గారు కూడా నవ్వారు. నవ్వుతూనే అడిగారు.

"ఎప్పుడమ్మా ఇది? రాత్రా, పగలా?"

"పగలే సార్. శుక్రవారం. జుమ్మా నమాజ్ టైముకు."

భార్గవ్ గారి నవ్వు ఆగింది. ఆయన కళ్లు చిట్లించి, పక్కనున్న మనిషి వైపు తిరిగారు. మౌలా సాహెబ్ అని, మిర్యాలగూడ వైపు ఆయన. ఏదో కంపెనీలో స్టోర్ కీపరు.

"మౌలా సాహెబ్ గారూ, మీరు చెప్పండి. జుమ్మా వేళకు ఇక్కడ దుకాణం తెరిచి ఉంటుందా?"

మౌలా సాహెబ్ ఇబ్బందిగా కదిలారు. "ఉండదు సాబ్. షట్టర్ డౌన్. గల్లీ గల్లీ బంద్."

"ఆ మాస్టరు గారు ముస్లిం. నమాజు మానేసి ఖాళీ మిషన్లు నడుపుతూ కూర్చున్నాడంటే..." భార్గవ్ గారు మాట పూర్తిచెయ్యలేదు. పూర్తిచెయ్యాల్సిన పని లేకపోయింది.

గదిలో నవ్వు చల్లారిపోయింది. ఆ లెక్క నవతకు ఏనాడూ తట్టలేదు. శుక్రవారం మధ్యాహ్నం బనియాస్ వీధులు ఎంత నిశ్శబ్దంగా ఉంటాయో తనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఆ రెండింటినీ ఒకచోట పెట్టి ఎన్నడూ చూసుకోలేదు. మనసు కొన్నిటిని కావాలనే వేరువేరు గదుల్లో ఉంచుతుంది. బాపు కథ ఒక గదిలో, లోకం ఒక గదిలో. ఇప్పుడు మధ్య గోడ కూలింది. బాపు అబద్ధం చెప్పాడా? చీకటి గదిలో పుట్టిన పిల్లకు నవ్వుకోవడానికి ఒక కథ అల్లి ఇచ్చాడా? తనకున్నదల్లా ఆ ఒక్క కథే. అదీ పోతే తాను ఎక్కడ పుట్టినట్టు?

"నాకు మా బాపు చెప్పిండు సార్," అంది. "గంతే తెలుసు."

"నిన్ను అబద్ధమాడుతున్నావని అనడం లేదమ్మా," అన్నారు భార్గవ్ గారు, ఎంతో దయగా. ఆ దయ కంటే తిట్టినా బాగుండేది. నవత కళ్లు గుమ్మం దగ్గర చెప్పుల మీదికి పోయాయి. పోయి, అక్కడే ఆగకుండా వెనక్కి వచ్చాయి. పోతే ఈ గదిలో మిగిలేది అనుమానం ఒక్కటే. పోకూడదు. కుర్చీ వీపును గట్టిగా పట్టుకుని నిలబడింది.

"మిషన్లు ఎన్ని ఉండెనో తెల్వదు గానీ," అన్న గొంతు మౌలా సాహెబ్ పక్కనుంచి వచ్చింది, "చప్పుడుకు చెవులు గింగుర్లెత్తినయి."

మాట్లాడింది ఆయన భార్య సైదున్నీసా. తెల్ల చున్నీ తల నిండా కప్పుకుని, వచ్చినప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడని మనిషి. ఆమె లేచి నిలబడలేదు. ఒళ్లోని పులిహోర ప్లేటు మెల్లగా కింద పెట్టింది.

"సైదా," అన్నారు మౌలా సాహెబ్.

"మీరు కూసోండి జీ." ఆమె నవతనే చూస్తోంది, మసక వెలుతురులో అక్షరాలు చదువుతున్నట్టు. "బిడ్డా, మీ అవ్వ పేరేంది?"

ఒప్పందం గుర్తొచ్చింది నవతకు. చెప్పకూడని పేరు. ఇంతమందిలో ఒక్కరు బయట నోరు జారినా, పొద్దునకల్లా గది తలుపు ముందు జీపు ఆగుతుంది. ఆమె కాత్యాయని గారి వైపు చూసింది. కాత్యాయని గారు వద్దని తల ఊపలేదు. చెప్పమనీ అనలేదు. మూడు వారాలుగా ఈ కథ తన చేతుల్లో ఉందనుకున్న మనిషి, ఇప్పుడు ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని అందరిలాగే వినడానికి కూర్చుంది.

"సమ్మవ్వ," అంది నవత.

సైదున్నీసా పెదాలు కదిలాయి. "సమ్మవ్వ," అని తనలో తాను అనుకుంది. ఆ తర్వాత, ఎప్పుడో అలవాటైన పిలుపులా, కొంచెం గట్టిగా, "ఊపిరి పీల్చు సమ్మవ్వా, ఇంకొక్కసారి పిల్లా, అయిపాయె," అంది. ఆమె రెండు చేతులూ ముందుకు వచ్చాయి. అరచేతులు పైకి తిరిగి, దేనినో అందుకోబోతున్నట్టు గాలిలో ఆగాయి. చూస్తున్న వాళ్లకు అంతకుమించి రుజువు అక్కర్లేకపోయింది.

"ఆ దర్జీ మా దవాఖానకు ఉరుక్కుంట వచ్చిండు," అంది, చేతులు దించుకుని. "సిస్టర్, ఒక్క ఆడమనిషిని బతికియ్యి అన్నడు. డ్యూటీల ఉన్న. ఎవ్వరికి చెప్పకుంట పోయిన. వాళ్లు నా పేరడగలే, నేను వాళ్ల ఊరడగలే. భయం. నాకూ భయమే. ఇన్నొద్దులు ఈయనకు గూడ చెప్పలే."

"నౌకరీ పోతది సైదా," అన్నారు మౌలా సాహెబ్. కోపం లేదు ఆ గొంతులో. బతిమాలుతున్నారు. "డ్యూటీ వదిలి, బయట కాన్పు చేసినవని తెలిస్తే లైసెన్సు పీకేస్తరు. మన పిల్లల చదువు..."

"మన పిల్లల చదువు అంటుండ్రు. ఈ పిల్ల నా చేతుల్లకే వచ్చింది జీ. అందరికంటే ముందు ముఖం చూసింది నేనే." ఆ క్షణంలో ఆమె లోపల ఏమేమి తూగిందో, ఏ పళ్లెం కిందికి దిగిందో ఎవరూ చెప్పలేరు. "ఎంబసీకి వస్త. చూసిన అని చెప్త. తర్వాత అయ్యేది అయితది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భార్గవ్ గారు లేచి సంతకాల కాగితం అందుకుని, నిలబడే సంతకం పెట్టి, పక్కవాళ్లకు అందించారు. "ఆదివారం ఎంబసీ తెరిచే వేళకు నా కారు తెస్తాను," అన్నారు, ఎవరికీ కాకుండా అందరికీ. ఆ తర్వాత నవత వైపు తిరిగి, "అడిగినందుకు ఏమీ అనుకోకమ్మా," అన్నారు.

"మీరు అడగకుంటే నేను లేవకపోతుంటి సార్," అంది నవత. అది నిజం. లోపల ఎక్కడో, పదిహేనేళ్లుగా బిగబట్టుకుని ఉన్నదేదో మెల్లగా వదులవుతోంది. తాను పుట్టింది. చూసినవాళ్లున్నారు.

నిఖిత వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "సారీ నవతా. నీ కథ నేను పాడుచేసేదాన్ని."

"నువ్వు ఏడిపిచ్చినవ్ నిక్కీ. నేను నవ్విచ్చిన. రెండు కావాలె గావచ్చు."

కాత్యాయని గారు కత్తి తెచ్చి కేకు పక్కన పెట్టారు. నవత తల మీద చెయ్యి వేశారు. రామ్మోహనరావు గారు మొదటిసారి కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి వచ్చి, "అయితే పుట్టినరోజు ఎవరిదో తేలిందన్నమాట," అన్నారు.

ఆ సందడిలో నవత, సైదున్నీసా పక్కన నేల మీద కూర్చుంది. అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. మధ్య గోడ కూలిన చోట ఇంకా దుమ్ము లేస్తూనే ఉంది.

"అమ్మా, ఆ సార్ అన్నది కరెక్టే కదా? జుమ్మా టైముకు మిషన్లు నడిస్తే..."

"కరెక్టే బిడ్డా. మేం భయంల ఉన్నం. ఎవ్వరికి సోయి లేదు. చప్పుడుల చప్పుడు కలుస్తదనుకున్నం గానీ, బజారంత నిమ్మళంగ ఉన్నప్పుడు ఆ ఒక్క చప్పుడే ఎంత దూరం వినబడతదో సోచాయించలే." సైదున్నీసా నవత చెవి వెనక జుట్టు సర్దింది. "మిషన్లు ఆగలేదని చెప్పిండా మీ బాపు?"

"అవును. ఒక్క నిమిషం గూడ ఆగలే అన్నడు."

"నువ్వు భయపడతవని అట్ల చెప్పి ఉంటడు." ఆమె గొంతు తగ్గించింది. కేకు చుట్టూ చేరినవాళ్లు నవతను పిలుస్తున్నారు. "ఆగినయి. అన్నీ ఒక్కపారి ఆగినయి. నువ్వు నా చేతుల్ల ఉన్నవ్, అప్పుడే గొంతు విప్పినవ్. బయట షట్టర్ మీద లాఠీతోని ఎవరో కొట్టిన్రు. మీ బాపు గోడకు అంటుకపోయిండు. సనావుల్లా మాస్టర్ దువా చదువుతుండె."

నవత ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"నిన్ను ఎత్తుకొనే పోయి, తలుపు తీసింది నేనే," అంది సైదున్నీసా. "లాఠీ పట్టుకొని నిలబడ్డాయన పేరు గూడ నాకు యాదికుంది."